ఈ దగ్గు మీది కాదండి

మా సత్తిబాబు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. వచ్చే ఏడు మండపేట నుంచి ఇంకో గుంపు మంచు కొండల మీదికి బైకుల మీద వెళ్లబోతోందట. వాళ్లకు పనికొచ్చేలా జాగ్రత్తలన్నీ వరసగా ఒక కాగితం మీద పెట్టమన్నాడు. నేను ఏ పనీ వరసగా చేసినవాణ్ని కాదు. పైగా నాకు జరిగినదాంట్లో నేర్చుకోవలసినది ఒక్కటే కనిపిస్తోంది. అది చెప్పాలంటే మొత్తం చెప్పాలి. ఇప్పుడు బాగానే ఉన్నాను, రెండంతస్తులు ఆగకుండా ఎక్కుతున్నాను. ఆ ధైర్యంతో చదవండి.

నాకు నలభై ఆరేళ్లు. మా నాన్నగారి నాటి రైసుమిల్లు నడుపుతున్నాను. రాజమండ్రిలో ఫిజిక్సుతో డిగ్రీ చేశాను. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుందని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ పలచబడిన గాలిని ఎవరో ఒకరు పీల్చవలసి వస్తుందన్న సంగతి మాత్రం సిలబస్‌లో లేదు. మా వైపు నేల చేత్తో నిమిరినట్టు ఉంటుంది. నా వరకు నేను ఎక్కిన ఎత్తల్లా మా మిల్లులో ధాన్యం పైకి తోడే ఎలివేటరు పైమెట్టు.

మే నెలాఖరు

దాళ్వా ధాన్యం, అదే వేసవికి చేతికొచ్చే రెండో పంట, ఆడించడం అయిపోవచ్చింది. మిల్లువాళ్లకు దగ్గు జబ్బు కాదు, సీజను. పగలంతా పీల్చిన ఊక దుమ్మూ తవుడూ సాయంత్రం స్నానం చేసి చల్లగాలిలో కూర్చోగానే బయటికి దారి వెతుక్కుంటాయి. ఒక్కొక్కరి దగ్గు ఒక్కో తీరు. నాది పొడి దగ్గు. మూడు దగ్గులు, కాస్త ఖాళీ, మళ్లీ మూడు. దీనికి మా దగ్గర మందు బెల్లం. షిఫ్టు దిగిన ప్రతివాడి చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టడం మా నాన్నగారి హయాం నుంచీ ఉన్న అలవాటు. బెల్లం దుమ్మును కిందికి లాక్కుపోతుందని నమ్మకం. లాక్కుపోతుందో లేదో నాకు తెలియదు కానీ, బెల్లం వద్దన్న మనిషిని మా మిల్లులో ఇంతవరకు చూడలేదు.

బయల్దేరింది ఆరుగురం. గుంపుకు పెద్ద సత్తిబాబు. లారీలు తిప్పుతాడు, నన్ను బావా అంటాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం, అంతే. మంచు పడుతున్న కనుమ మీద బైకు ఆపి, అక్కడి ఎత్తు రాసిన బోర్డు పక్కన ఫోటో దిగాలని మూడేళ్లుగా కలలు కంటున్నాడు. రెండోవాడు వీర్రాజు. అతనిది లారీ షెడ్డు, చేతిలో స్పానరు లేకపోతే మాట తోచదు. మిగిలిన ముగ్గురూ నాలాగే మిల్లువాళ్లు. అంటే ఆరుగురిలో నలుగురికి దగ్గుంది, ఆరుగురికీ దగ్గు గురించి తెలుసు. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి, నన్ను దాదాపు తీసుకుపోయింది అదే.

ఏ రోజు ఎక్కడుంటామో, అక్కడి ఫోన్ నంబరు ఏమిటో సత్తిబాబు ఒక కాగితం మీద కొట్టించి ఆరిళ్లకూ పంచాడు. మా ఆవిడ అనూరాధ దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

"మంచులో మీరేం చేస్తారండి?" అంది.

"చూస్తాం."

"చూసి?"

"వచ్చేస్తాం."

కాసేపు ఆలోచించి, నా బ్యాగులో ఒక డబ్బా నిండా బెల్లం పెట్టింది.

"అక్కడ దుమ్ముండదే," అన్నాను.

"మీరుంటారు కదా," అంది.

మా కాపురంలో జోకులు నేనొక్కణ్నే వేస్తానని ఊళ్లో ఒక అభిప్రాయం ఉంది. అది నిజం కాదు.

జూన్, మొదటి అయిదు రోజులు

ఢిల్లీ మీదుగా విమానంలో లేహ్‌లో దిగాం. దిగిన రోజూ, మర్నాడూ పడుకునే ఉండమని హోటలాయన చెప్పాడు. దిగిన రోజు బుద్ధిగా పడుకున్నాం. రెండో రోజు అద్దె బుల్లెట్లు వచ్చాయి. బుల్లెట్టు గుమ్మంలో ఉండగా గోదావరి జిల్లా మనిషిని పడుకోమనడం ధర్మం కాదు. అదే మొదటి తప్పు. దానికి ఆరుగురం సమానంగా బాధ్యులం.

మూడో రోజు మొదటి కనుమ దాటాం. మంచు రోడ్డుకు రెండు పక్కలా గోడ కట్టినట్టు నిలబడింది. పైనుంచి ఇంకా రాలుతోంది, సన్నగా, మా జల్లెడ కింద నూక రాలినట్టు. ముందు సత్తిబాబు, చివర నేను. అందరికంటే వెనక వచ్చేవాడు ఎవరినీ వదిలేయకుండా చూసుకోవాలి, ఆ పని నాకిచ్చారు. కనుమ పైన బైకు దిగి పది అడుగులు వేసేసరికి తల చుట్టూ ఎవరో తాడు బిగిస్తున్నట్టయింది. ఎదురుగా మంచు మీద ఎండ పడి మెరుస్తోంది. నా జన్మలో అంత తెలుపు చూడలేదు, మేం తెల్లగా పాలిష్ పట్టిన సన్నబియ్యంలో కూడా. ఆ ఒక్క క్షణానికి మాత్రం ఇప్పటికీ నాకు ఫిర్యాదు లేదు. సత్తిబాబు బోర్డు పక్కన నిలబడేసరికి మళ్లీ మబ్బు కమ్మింది, మంచు ఎక్కువై ఫోటోలో అతనూ బోర్డూ కూడా పడలేదు. "పర్లేదు బావా, ఇంకో కనుమ ఉందిగా," అన్నాడు.

నాలుగో రోజు దగ్గు మొదలైంది.

అయిదో రోజు సాయంత్రానికి సరస్సు ఒడ్డున గుడారాలకు చేరాం. నీలంగా, నిశ్శబ్దంగా, చుట్టూ మంచు కొండలతో ఉన్న సరస్సు. నీళ్లు ఉప్పువట. మా పక్క ఉప్పాడ సముద్రానికి పొమ్మంటే గంటన్నరలో తేలిపోయేది, దేశం చివరిదాకా వచ్చి ఉప్పునీళ్లు చూస్తున్నాం అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే కూర్చోవలసి వచ్చింది. బూట్ల తాడు విప్పుకోవడానికి మూడుసార్లు ఆగాను.

మమ్మల్ని తప్పుపట్టకండి. అక్కడ ఇంకెవరన్నా ఉంటే ఏం చేసేవారో తెలియదు గానీ, మా ఆరుగురికీ దగ్గు కొత్త కాదు.

"తవుడు దగ్గే," అన్నాడు ఒక మిల్లాయన.

"దాళ్వా దుమ్మంతా ఇప్పుడు దిగుతోంది. చల్లగాలి తగిలిందిగా," అన్నాడు ఇంకొకాయన.

"నాకూ అంతేనండి. మిల్లు ఆపాక పది రోజులకు వస్తది," అని మూడో ఆయన సాక్ష్యం చెప్పాడు.

నాకూ అదే నమ్మకం. బెల్లం డబ్బా తీసి తలా ఒక ముక్క పంచాను, నేను రెండు తిన్నాను. వేలికి తగిలించి ప్రాణవాయువు కొలిచే చిన్న మిషను ఒకటి వీర్రాజు తెచ్చాడు. నా వేలికి పెడితే అరవై నాలుగు చూపించింది. తొంభై దాటి ఉండాలని మాకు తెలుసు.

"బ్యాటరీ వీకై ఉంటది," అని వీర్రాజు బ్యాటరీలు మార్చాడు. అరవై మూడు వచ్చింది. "వేలు చల్లగా ఉందండి, అందుకే," అన్నాడు. నా వేలిని తన చేతుల్లో పెట్టుకుని చాలాసేపు రుద్దాడు. అరవై మూడే.

"ఇంటర్ లెక్కల్లో నాకు ఇన్ని కూడా రాలేదు, ఇది పాసే," అన్నాను. మళ్లీ అందరూ నవ్వారు. మిషను డబ్బాలోకి వెళ్లిపోయింది. ఒక మిషను నిజం చెప్పింది, ఆరుగురు మనుషులు దాన్ని ఓడించాం. రిపేరు తెలిసినవాడితో ఇదే ఇబ్బంది, లోపం మిషనులోనే ఉంటుందనుకుంటాడు.

అక్కడ ఆఫీసు గుడారంలో వైఫై ఉంది. అనూకు రోజూ ఒక వాయిస్ మెసేజ్ పంపడం నా అలవాటు. ఆ సాయంత్రం రెండు నిమిషాల మెసేజ్ పంపాను. ఉప్పునీళ్ల జోకు, లెక్కల మార్కుల జోకు, వీర్రాజు వేలు రుద్దడం, అన్నీ చెప్పాను. మధ్యమధ్యలో దగ్గాను. పడుకుంటే గొంతు కింద ఏదో గురగురమంది. కూర్చుంటే నయమనిపించింది. దిండ్లు గోడలా పేర్చుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. దుమ్మే అనుకున్నాను.

ఆరో రోజు

పొద్దున్న ఏడింటికి క్యాంపు మేనేజరు ఫోను చేత్తో పట్టుకుని మా గుడారంలోకి వచ్చాడు. "ఇంటి నుంచి," అన్నాడు. సత్తిబాబు స్పీకరు పెట్టాడు.

"అన్నయ్యా, ఆయన్ని కిందికి దింపేయండి," అంది అనూ. పలకరింపు లేదు.

"ఏంటమ్మా, ఏవైంది? దగ్గు సంగతా? అది మన తవుడు దగ్గేనమ్మా. బెల్లం పెట్టాం."

"కాదన్నయ్యా. ఆయన దగ్గు నేను పంతొమ్మిదేళ్లుగా వింటున్నాను. ఇది ఆయనది కాదు."

సత్తిబాబు నావైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. అంతవరకు నన్ను ఎవరూ సరిగ్గా చూడలేదన్నమాట, నాతో కలిపి.

"సరేనమ్మా, ఎలాగూ ఇవాళ లేహ్‌కే. టిఫిన్లయ్యాక బయల్దేరతాం."

"టిఫిన్లయ్యాక కాదండి. ఇప్పుడే. బండి మీద కాదు, కారులో. ఇక్కడ డాక్టరు గారికి ఆ మెసేజ్ వినిపించాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందంట. కిందికి దించడమే మందంట. ఆయనకివ్వండి ఫోను."

ఫోను నా చెవి దగ్గర పెట్టారు.

"ఏవండీ, మాట్లాడకండి. వినండి చాలు. అన్నయ్య చెప్పినట్టు చెయ్యండి."

నేను నోరు తెరిచాను.

"జోకు వెయ్యకండి," అంది. గొంతు అక్కడ విరిగింది.

నాకు భయమేసింది అప్పుడే. దగ్గుకు కాదు, ఆ గొంతుకు.

అక్కడి చిక్కేమిటంటే, కిందికి దిగాలంటే ముందు పైకి ఎక్కాలి. లేహ్‌కీ మాకూ మధ్య రెండో కనుమ ఉంది. మేనేజరు తన ఊరి డ్రైవరును పిలిచాడు. పేరు నోర్బు. అతను వచ్చి నా పెదాల రంగు చూసి, ఎవరినీ ఏమీ అడక్కుండా వెనక సీటు దులిపాడు. దారిలో ఒక ఊళ్లో చిన్న ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడి నర్సమ్మ నా ముఖానికి ఆక్సిజన్ తగిలించి, సిలిండరుతో సహా కారెక్కించింది. సంతకం అడగలేదు. "దాటేదాకా పడుకోనివ్వకు, మాట్లాడనివ్వకు," అని సత్తిబాబుకు చెప్పింది.

మాట్లాడొద్దన్నారు. నలభై ఆరేళ్లలో నాకు పడిన శిక్షల్లో ఇది పెద్దది.

సత్తిబాబు తన బుల్లెట్టు తాళం వీర్రాజు చేతిలో పెట్టి నా పక్కన కూర్చున్నాడు. నా తలను తన భుజం మీద నిలబెట్టి, ఒక చేత్తో సిలిండరు పట్టుకున్నాడు. కారు మలుపులు తిరుగుతూ ఎక్కింది. గాజుకు అవతల మంచు గోడ మొదలైంది. ఒక్కో ఊపిరికీ లోపల హుక్కాలో నీళ్లలా బుడబుడ. ఎంత పీల్చినా అడుగు తగలని బావిలోకి చేద వేసినట్టుంది. నా కూతురు పదో తరగతి ఫలితాలకు నేను కొనిస్తానన్న సైకిలు రంగు ఏదో గుర్తు రాలేదు. ఆకుపచ్చా, నీలమా? అది తేలకుండా పోకూడదని గట్టిగా అనుకున్నాను. మనిషి అలాంటప్పుడు గొప్ప సంగతులు ఆలోచిస్తాడంటారు. నాకు సైకిలే వచ్చింది.

కనుమ పైకి వచ్చాం. రంగురంగుల జెండాలు, టీ కొట్టు, మంచులో నిలబెట్టిన పసుపు బోర్డు. ఎండ కాస్తోంది. జనం వరసలో నిలబడి ఫోటోలు దిగుతున్నారు. సత్తిబాబు మూడేళ్ల కల, కిటికీకి రెండు గజాల దూరంలో. నేను వేలితో బోర్డు చూపించి, గాలిలో ఫోను బొమ్మ గీసి, దిగమని సైగ చేశాను.

"నోర్ముయ్యి బావా," అన్నాడు. నేను నోరు తెరవనే లేదు. అతను బోర్డు వైపు తల కూడా తిప్పలేదు, సిలిండరు మీటరు వైపే చూస్తున్నాడు. నోర్బు కారు ఆపలేదు. పైన చాలామంది డ్రైవర్లు మొక్కుకోవడానికి ఆగుతారట. అతను స్టీరింగు మీద నుంచి రెండు వేళ్లెత్తి నుదుటికి తాకించుకుని పోనిచ్చాడు.

దిగడం మొదలయ్యాక ఒక్కో మలుపుకూ ఊపిరి రవ్వంత చిక్కబడింది. అది చదువుకున్న ఫిజిక్సే. కానీ అప్పుడు దానికి దండం పెట్టాలనిపించింది.

జూన్ రెండో వారం, లేహ్

ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాను. మొదటి రోజు సగం నాకు గుర్తు లేదు. గుర్తున్నవి ఆక్సిజన్ సిలిండరు బుస, కిటికీలో ఒక కొండ, నిద్ర పట్టబోయినప్పుడల్లా ఊపిరి మర్చిపోతానేమోనన్న భయం.

డాక్టరు కుర్రాడు. ఎక్స్‌రే పట్టుకుని, "ఇంకో పూట అక్కడే ఉండుంటే..." అని ఆపేశాడు. ఆ వాక్యం పూర్తి చేయమని నేను అడగలేదు. నాకు తెలియనవసరం లేని వాక్యాలు కొన్ని ఉన్నాయని అప్పుడే ఒప్పుకున్నాను. సత్తిబాబు బెల్లం సంగతి చెబితే ఆయన నవ్వలేదు. "దగ్గు మీకు బాగా తెలుసు, అదే మీకు ప్రమాదమైంది," అన్నాడు. "తెలియనివాళ్లు భయపడి ముందే వస్తారు."

సత్తిబాబు బయట వరండాలో బెంచీ మీద కాపురం పెట్టాడు. అతని హిందీ లారీ డ్రైవర్లతో మాట్లాడే హిందీ, అందులో క్రియలుండవు. అయినా రెండో రోజుకల్లా వరండా అంతా అతనికి చుట్టాలు. దారి ఖర్చుకని తెచ్చుకున్న తాపేశ్వరం కాజాలు రోగుల బంధువులందరికీ పంచాడు. పక్క మంచం పెద్దాయన భార్య, జడలు రెండూ వెనక కలిపి ముడేసుకున్న ముసలావిడ, కాజా సగం తిని మిగతా సగం రుమాల్లో కట్టుకుంది. సాయంత్రం వచ్చి నా దిండు పక్కన గుప్పెడు ఎండు ఆప్రికాట్లు పెట్టింది. ఒకటి తన నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి చూపించింది, పసివాడికి నేర్పినట్టు. నేనూ నెమ్మదిగా నమిలాను. మా ఇద్దరి మధ్య భాష లేదు. అంత హాయిగా ఎవరితోనూ కబుర్లు చెప్పలేదు.

నన్ను చేర్చిన మర్నాడు మిగతా నలుగురూ, మా ఇద్దరి బుల్లెట్లూ వ్యానులో వేయించి, తమ బైకులతో దిగారు. మిల్లువాళ్లు ముగ్గురూ నా మంచం కాళ్ల దగ్గర వరసగా నిలబడ్డారు. "తవుడు అనుకున్నామండి," అన్నాడు ఒకాయన, నేల చూస్తూ. "నేనూ అదే అనుకున్నాను," అన్నాను. వీర్రాజు నా వేలు పట్టుకుని చిన్న మిషను పెట్టాడు. ఎనభై తొమ్మిది. మిషను తన చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "బానే ఉంది కదండి ఇది," అని కళ్లు తుడుచుకున్నాడు.

అనూ రోజుకు రెండుసార్లు ఫోను చేసేది. ఎంత చూపిస్తోంది, ఏం తిన్నారు, పడుకోండి. మూడు మాటలే. వస్తానంటే డాక్టరే వద్దన్నాడు, విమానంలో దిగగానే ఆవిడకూ అదే రావచ్చన్నాడు. కోప్పడితే బాగుండుననిపించింది. కోపానికి జవాబు చెప్పడం నాకు అలవాటే.

జూన్ మధ్య నుంచి జూలై దాకా

రాజమండ్రి విమానాశ్రయంలో బయటికి రాగానే అనూ నా ముఖం చూడలేదు. చొక్కా వైపు చూసింది, ఊపిరి తీసుకుంటే ఎలా కదులుతోందోనని. కారులో నా పక్కన కూర్చుని కడియం దాటేదాకా ఆ చొక్కానే చూసింది.

రాజమండ్రిలో పెద్ద డాక్టరు ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. మిల్లుకు వెళ్లొచ్చు, మాస్కు పెట్టుకుంటే చాలన్నాడు. అయినా ఇల్లు ఇల్లులా లేదు. నేను గొంతు సవరించుకుంటే అనూ ఎక్కడున్నా ఆగిపోయేది. నేను జోకు వేస్తే లేచి వెళ్లిపోయేది. పంతొమ్మిదేళ్లు నా జోకులకు విసుక్కున్న మనిషే, కానీ లేచి వెళ్లిన మనిషి కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గంగరాజు వచ్చాడు. మా మిల్లులో బాయిలరు చూసే మేస్త్రీ. ముప్పై ఏళ్ల దగ్గు అతనిది, దగ్గుల్లో పండితుడు. ఎలా ఉన్నారండి, ఏం తింటున్నారండి అన్నాక, "అమ్మగారు ఆ రోజు తెల్లారకుండానే మిల్లుకొచ్చేశారండి," అన్నాడు. అప్పటిదాకా ఆ సంగతి నాకు తెలియదు.

"ఎందుకు?"

"ఫోను చెవిలో పెట్టి వినమన్నారండి. నేను మూడుసార్లు విన్నానండి. అమ్మా, దుమ్ము దగ్గు గొంతులో మోగుద్దండి, ఇది లోపల్నించి వత్తంది, ఇందులో నీళ్లున్నాయండి అన్నానండి. ఆయ్. అంతే, అటునించటే డాక్టరు గారి గుమ్మం ఎక్కేశారండి."

గంగరాజు వెళ్లాక అనూ వంటింటి గడప మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను, జోకు లేకుండా. అది నాకు చేతకాని ఆసనం.

"నేను మొదటిసారి విన్నప్పుడు నవ్వానండి," అంది.

"జోకే కదా మరి."

"నవ్వి, చెల్లికి పంపాను. మన ఇంటి గ్రూపులో కూడా పెట్టాను. మీ అన్నయ్య వాళ్లు, పిన్నిగారు, అందరూ నవ్వుతూ బొమ్మలు పెట్టారు. ఇరవై మంది విన్నారండి మీ దగ్గు. ఇరవై మందీ నవ్వాం." చీర కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంటోంది. "పడుకునే ముందు ఊరికే ఇంకోసారి పెట్టుకున్నాను. మీ గొంతు వినాలనిపించి. అప్పుడు జోకు తెలిసిపోయింది కదా, దగ్గే వినిపించింది. ఆ రెండోసారి వినకపోయుంటే?"

లేహ్ డాక్టరు పూర్తి చేయని వాక్యమూ ఇదీ ఒకటే.

"ఇంకోసారి ఒంట్లో బాగోకపోతే బాగోలేదని చెప్పండి," అంది. "మామూలు తెలుగులో."

చెబుతానన్నాను. వచ్చే ఏడు వెళ్లేవాళ్లకు సత్తిబాబు అడిగిన జాగ్రత్త ఇదే. విశ్రాంతి, నీళ్లు, నెమ్మదిగా ఎక్కడం, ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నవ్వించేవాడు మీ గుంపులో ఉంటే వాణ్ని చివర పెట్టకండి. ముందు పెట్టుకోండి, కనిపించేలా. వాడు బాగున్నానంటే రెండోసారి అడగండి. ఆ నవ్వించేవాడు మీరే అయితే, ఒక్కసారి మామూలు తెలుగులో చెప్పండి. తలనొప్పిగా ఉంది, ఊపిరి అందడం లేదు, భయంగా ఉంది. మూడు చిన్న వాక్యాలు. నేను పదే పదే అభ్యాసం చేస్తున్నాను, వస్తోంది.

నవంబరు

సార్వా ధాన్యం, అదే వానాకాలం పంట, దిగింది. మిల్లు మళ్లీ మొదలైంది. మాస్కు పెట్టుకుని తిరిగాను, మొదట్లో శ్రద్ధగా, తర్వాత కాస్త తక్కువ శ్రద్ధగా. ఒక రోజు తవుడు గొట్టం ఊడి గదంతా పొగలా కమ్మింది. నేను దగ్గరుండి బిగింపించాను. మాస్కు గడ్డం కింద ఉంది. అబద్ధం ఎందుకు.

సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేసి వరండాలో కూర్చున్నాను. చల్లగాలి వీస్తోంది. వంటింట్లో అనూ పులుసు కలుపుతున్న చప్పుడు.

దగ్గొచ్చింది.

మూడు దగ్గులు. వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

ఊపిరి బిగబట్టాను. ఆపుదామని చూశాను, ఆవిడ కోసం. ఆగలేదు. కాస్త ఖాళీ. మళ్లీ మూడు.

అనూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో గరిట, దాని నుంచి పులుసు చుక్కలు గచ్చు మీద పడుతున్నాయి. అది చూసుకోవడం లేదు.

"గొట్టం ఊడింది. తవుడు మింగాను. ఇంకేం లేదు. ఊపిరి బాగానే ఆడుతోంది," అన్నాను. మామూలు తెలుగులో.

ఆవిడ నమ్మలేదు. తల కాస్త పక్కకు వంచింది.

"మళ్లీ ఒకసారి దగ్గండి."

దగ్గాను. కావాలని దగ్గితే అంత బాగా రాదు, కానీ వచ్చింది. మూడు, ఖాళీ, మూడు. కళ్లు మూసుకుని వింది. గంగరాజు విన్నట్టు, లోపలికంటా.

తర్వాత లోపలికి వెళ్లింది. అటకమీద డబ్బాలు జరిపిన చప్పుడు. లేహ్ నుంచి నా బ్యాగులో తిరిగొచ్చిన బెల్లం డబ్బాను జూన్‌లోనే కనపడకుండా పైన పెట్టేసిందని నాకు తెలుసు. వచ్చి నా అరచేతిలో ఒక ముక్క పెట్టి, వేళ్లు తనే మూసింది.

"ఈ దగ్గు మీదేనండి," అంది.

పులుసు మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరం కాసేపు కదల్లేదు.